నురగ వేరు, శుభ్రం వేరు

(ఇంట్లో డిటర్జెంట్ లేనప్పుడు బట్టలు ఉతకడం గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. మాటల్లోకి వెళ్లే ముందు ఒక పని మొదలుపెట్టేస్తాను, ఎందుకంటే దానికి కాస్త సమయం పడుతుంది. ఈ బకెట్లో వేడినీళ్లున్నాయి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి. ఇందులో రెండు చెంచాల వాషింగ్ సోడా వేసి కలుపుతున్నాను. ఇప్పుడు ఈ తువ్వాలు చూడండి. ఉతికి ఆరేసి మడత పెట్టినదే, నిన్న అలమరలోంచి తీశాను. ముందు వరుసలో కూర్చున్నవారు ఒకసారి పట్టుకుని చూడండి. శుభ్రంగా ఉందా? ఉందంటున్నారు. వాసన? అది కూడా బాగానే ఉందా? సరే. దీన్ని ఈ నీళ్లలో ముంచేస్తున్నాను. దీని సంగతి చివర్లో చూద్దాం. నేను మరిచిపోతే గుర్తు చేయండి.

నేను చాలా ఏళ్లు రసాయనశాస్త్రం పాఠాలు చెప్పాను. అందువల్ల తెలిసినవాళ్లు ఎక్కడ కనబడినా ఒకటే ప్రశ్న వేస్తారు. డిటర్జెంట్ అయిపోయింది, దాని బదులు ఏం వేయమంటారు? కొందరికి నిజంగానే అయిపోయి ఉంటుంది. కొందరికి ఆ పొడి పడక చేతులు పొక్కుతాయి. కొందరికి ఖర్చు తగ్గించుకోవాలని ఉంటుంది. అందరూ అడిగేది మాత్రం, బదులు ఏం వేయాలి? నేను ఎదురు ప్రశ్న వేస్తాను. దేన్ని వదిలించడానికి? ఆ ప్రశ్నకు చాలామంది నన్ను వింతగా చూస్తారు. దేన్నేమిటి, మురికిని!

మురికి అనేది ఒకటే పదార్థం అయితే ఈ ప్రసంగం అవసరమే లేదు. ఒకరోజంతా తొడుక్కున్న చొక్కా కాలరును వేలుకు చుట్టి వెలుతురులో చూడండి. మడత దగ్గర ఒక గోధుమరంగు గీత కనిపిస్తుంది. ఆ గీతలో ఏమున్నాయి? చెమటలోని ఉప్పు ఉంది. దుమ్ము ఉంది. చర్మం మీద నుంచి రాలిన సన్నటి పొట్టు ఉంది. వీటన్నిటినీ గుడ్డకు పట్టి ఉంచిన జిడ్డు ఉంది. ఆ జిడ్డు మన చర్మమే తయారుచేసే నూనె. ఇప్పుడు చెప్పండి, ఇందులో నీళ్లకు లొంగనిది ఏది? ఉప్పు లొంగుతుంది. దుమ్ము విదిలిస్తేనే సగం పోతుంది, మిగతా సగం జాడిస్తే పోతుంది. లొంగనిది జిడ్డు ఒక్కటే. మనం డబ్బాలు డబ్బాలు కొనేది ఆ ఒక్కదాని కోసమే.

అందుకని మొదటి ప్రత్యామ్నాయం పేరు చెబుతాను, నవ్వకండి. నీళ్లు. వట్టి నీళ్లు. ఒకపూట కట్టి విప్పిన బట్ట, మరక లేని బట్ట, కేవలం చెమట పట్టిన బట్ట, దీన్ని గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి బాగా పిసికి రెండుసార్లు జాడించండి. డిటర్జెంట్ వేయలేదని ఎవరూ కనిపెట్టలేరు. రోజూ ఇలా చేయమనడం లేదు. వారాల తరబడి ఇలాగే చేస్తే జిడ్డు మెల్లగా పేరుకుంటుంది, వాసన మొదలవుతుంది. కానీ ఒకరోజు డబ్బా ఖాళీ అయిందని కంగారు పడాల్సిన పని లేదు.

1959లో హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయనశాస్త్రవేత్త ఒక వృత్తం గీశాడు. శుభ్రపరిచే పనిలో ఉన్నవారు ఇప్పటికీ దాన్ని సిన్నర్ వృత్తం అంటారు. అందులో నాలుగు ముక్కలుంటాయి. రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఆయన చెప్పిందేమిటంటే, ఒక ముక్క తగ్గితే మిగతా మూడింటిలో ఏదో ఒకటి పెరగాలి, అంతే. రసాయనం తగ్గించావా, నీళ్లు ఇంకా వేడి చెయ్యి. వేడి వద్దా, ఎక్కువసేపు నానబెట్టు. సమయం లేదా, బాగా రుద్దు. ఈ వృత్తం మనసులో పెట్టుకుంటే ఈరోజు నేను చెప్పేదంతా దానంతటదే అర్థమవుతుంది. మనం మాత్రం ఏం చేస్తాం? రసాయనం ముక్క ఖాళీ అవగానే ఇంకో రసాయనం కోసం వెతుకుతాం. మిగతా మూడూ పక్కనే ఉచితంగా పడి ఉంటాయి, వాటివైపు చూడం.

సరే, జిడ్డు సంగతికి వద్దాం. నూనె చొక్కాను నీళ్లలో ముంచితే ఏమవుతుంది? నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నూనెను దగ్గరకు రానివ్వవు. సబ్బు అణువు, డిటర్జెంట్ అణువు చేసే పని మధ్యవర్తిత్వం. దానికొక తల, ఒక తోక. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. తోకలన్నీ వెళ్లి నూనె చుక్కలో గుచ్చుకుంటాయి. తలలు బయట నీళ్లలో ఉంటాయి. నూనె చుక్క చుట్టూ ఇలా తలల పహరా ఏర్పడ్డాక అది గుడ్డను వదిలి నీళ్లలో తేలుతుంది, జాడించినప్పుడు కొట్టుకుపోతుంది. గుర్తుపెట్టుకోండి, తల, తోక. ఎవరైనా మీకు ఒక ప్రత్యామ్నాయం చెప్పినప్పుడు మీరు అడగాల్సింది ఇదే. దానికి తల, తోక ఉన్నాయా? లేకపోతే అది జిడ్డును ఇంకే దారిలో తీస్తుంది? రెండింటికీ జవాబు లేకపోతే అది ప్రత్యామ్నాయం కాదు.

మనం ఈరోజు డిటర్జెంటుకు ప్రత్యామ్నాయం వెతుకుతున్నాం. అసలు డిటర్జెంట్ పుట్టిందే ప్రత్యామ్నాయంగా! మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మనీలో కొవ్వు దొరకలేదు. కొవ్వు లేనిదే సబ్బు లేదు. అందుకని 1916 ప్రాంతంలో కొవ్వుతో పని లేకుండా, బొగ్గు నుంచి వచ్చే పదార్థాలతో తల, తోక ఉన్న అణువును తయారుచేశారు. మొదట్లో అది బట్టలకు అంత బాగా పనిచేయలేదు కూడా. 1946లో అమెరికాలో టైడ్ వచ్చాక గానీ బరువైన మురికి ఉతకడానికి అది సరిపోతుందని తేలలేదు. అంటే సబ్బుకు బదులు డిటర్జెంట్ వచ్చింది, ఇప్పుడు డిటర్జెంటుకు బదులు సబ్బు వేయవచ్చా అని మనం అడుగుతున్నాం. 

వేయవచ్చా? వేయవచ్చు. ఒళ్లు రుద్దుకునే సబ్బయినా సరే. కానీ ఒక షరతు ఉంది. ఆ షరతు పేరు మీ ఇంటి నీళ్లు.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే దాన్ని కఠిన జలం అంటాం. మీ బకెట్ల అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొలుసు కడుతుందా? అయితే మీవి ఆ నీళ్లే. అందులో సబ్బు వేస్తే మొదట నురగ రాదు. ఎందుకు రాదు? సబ్బు జిడ్డు దగ్గరకు వెళ్లేలోపే కాల్షియం దాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి నీటిలో కరగని తెట్టు అవుతాయి. బకెట్ గోడకు చుట్టూ బూడిదరంగు గీత కనిపిస్తుందే, అదే. ఆ తెట్టు బకెట్ గోడకే అంటుకుంటుందని ఎవరు చెప్పారు? బట్ట పోగుల మధ్య కూడా కూర్చుంటుంది. డిటర్జెంటుకు ఈ బాధ చాలా తక్కువ. అది నెగ్గడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు నా కథ చెప్పాలి. ఒకప్పుడు నేను కూడా ఉత్సాహంగా ఇంట్లోనే బట్టల పొడి తయారుచేసుకున్నాను. సబ్బు తురిమి, వాషింగ్ సోడా కలిపి, కొంచెం వెలిగారం, అంటే బోరాక్స్, వేసి సీసాలో పోశాను. చాలామంది చెప్పే పద్ధతే అది. మొదటి నెల నాకు నేనే శభాష్ అనుకున్నాను. నాలుగో నెలకు తువ్వాళ్లు ఒళ్లు తుడవడం మానేశాయి. నీళ్లను తోస్తున్నాయి తప్ప పీల్చడం లేదు! నల్లబట్టల మీద తెల్లటి పూత వచ్చింది. చల్లనీళ్లలో తురుము సగమే కరిగింది, కరిగిన సగాన్ని కాల్షియం తీసుకుంది. రసాయనశాస్త్రం చెప్పే మనిషిని నేను! ఆ బ్యాచ్ తువ్వాళ్లలో ఒకటే ఇప్పుడు బకెట్లో నానుతోంది. అవును, మీరు శుభ్రంగా ఉందన్న తువ్వాలే.

కాబట్టి సబ్బు వాడాల్సి వస్తే ఇలా వాడండి. సన్నగా తురిమి వేడినీళ్లలో పూర్తిగా కరిగించాకే బట్టలు వేయండి. ముందుగా నీళ్లలో వాషింగ్ సోడా కలపండి, అది కాల్షియాన్ని సుద్దపొడిగా విడగొట్టి అడ్డు తొలగిస్తుంది, అప్పుడు సబ్బు తన పని తాను చేసుకుంటుంది. వేడినీళ్లతోనే ఒకసారి జాడించండి. అన్నిటికంటే సులువైన వాడకం ఇంకొకటుంది. బట్టల సబ్బు ముక్కను నీళ్లలో కలపకుండా తడిపిన కాలరు మీద, చేతి అంచుల మీద నేరుగా రుద్దండి. జిడ్డు ఉన్నచోటే సబ్బు ఉంటుంది.

వాషింగ్ సోడా అన్నాను. వంటసోడా అనలేదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు ఎంతమంది? చేతులెత్తండి, పరవాలేదు. చాలామందే ఉన్నారు. వంటసోడా సోడియం బైకార్బనేట్, వాషింగ్ సోడా సోడియం కార్బనేట్. పేరులో తేడా చిన్నది, బలంలో తేడా పెద్దది. నీళ్లలో వంటసోడా పీహెచ్, అంటే క్షారం ఎంత ఘాటో చెప్పే అంకె, 8 దాటి కాస్త ఉంటుంది. వాషింగ్ సోడాది 11 దాకా వెళ్తుంది. పీహెచ్ లెక్కలో ఒక్కో అంకెకు పదిరెట్లు తేడా అని తెలుసు కదా. అంటే ఇవి అన్నదమ్ములే కానీ, ఒకడు మెత్తని మనిషి, ఒకడు పహిల్వాన్.

ఇదిగో, పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితపు ముక్కలు తెచ్చాను. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఈ గ్లాసులో వంటసోడా నీళ్లు. ముంచుతున్నాను. కాస్త నారింజరంగు వచ్చిందా? అంతే. ఇప్పుడు ఈ గ్లాసులో వాషింగ్ సోడా. చూడండి, ముంచీ ముంచగానే ఇటుకరంగు. బట్ట మీద పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడి మిమ్మల్ని భయపెట్టేది ఇందుకే. మరక పెరగలేదు, రంగు మారిందంతే. జాడించి ఎండలో ఆరేస్తే ఆ పసుపు వెలిసిపోతుంది.

బలమైన క్షారానికి తల, తోక లేవు. మరి జిడ్డును ఎలా తీస్తుంది? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. మన చర్మపు నూనెలో కొంత భాగం కొవ్వు ఆమ్లాలు. క్షారం వాటితో కలిసిందంటే ఏమవుతుంది? సబ్బవుతుంది! మీరు సబ్బు వేయలేదు, మురికిలోంచే సబ్బు పుట్టింది. వాషింగ్ సోడా నీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు రుద్దితే జారుడుగా అనిపిస్తుంది. మీ వేళ్ల మీది నూనె సబ్బుగా మారుతోందన్నమాట. అందుకే ఎక్కువసేపు పెట్టవద్దు, చర్మం పొడిబారి మండుతుంది. తొడుగులు వేసుకోండి.

బూడిద కథ కూడా ఇదే. సబ్బు కొనే రోజులు రాకముందు లోకంలో ఎన్నోచోట్ల కట్టెల బూడిదను నీళ్లలో కలిపి, తేరుకున్న తేట నీళ్లతో బట్టలు ఉతికారు. బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. బూడిద నీళ్లను కుండలో కాచి ఎండగట్టేవారు కాబట్టి ఇంగ్లీషులో దాన్ని పాటాష్, అంటే కుండ బూడిద, అన్నారు. 1807లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాని నుంచి కొత్త లోహాన్ని వేరుచేసి, ఆ పేరుతోనే పొటాషియం అన్నాడు. మూలకాల పట్టికలో ఒక గడి పేరు ఉతుకుడు బూడిద నుంచి వచ్చింది! వాషింగ్ సోడాను పారిశ్రామికంగా సోడా యాష్ అనేది కూడా ఇందుకే, సముద్రపు మొక్కల బూడిద నుంచి తీసేవారు. 1791లో నికొలా లెబ్లాంక్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త ఉప్పు నుంచి దాన్ని తయారుచేసే పద్ధతి కనుక్కున్నాక ఆ బూడిదతో పని తగ్గింది. ఇంకా వెనక్కి వెళితే రోమన్లు ఏం వాడారో తెలుసా? నిలవ ఉంచిన మూత్రం. అందులో పుట్టే అమ్మోనియా క్షారమే కదా. బట్టలు శుభ్రపరిచేవారికి దాని అవసరం ఎంతంటే, వెస్పాసియన్ చక్రవర్తి దాని మీద పన్ను కూడా వేశాడు. ఈ ప్రత్యామ్నాయాన్ని ఇంట్లో ప్రయత్నించమని నేను అనడం లేదు.

మీ దగ్గర వంటసోడా మాత్రమే ఉందా? దాన్ని వాషింగ్ సోడాగా మార్చుకోవచ్చు. పళ్లెంలో పలచగా పరిచి 200 డిగ్రీల ఓవెన్లో ఒక గంట పెట్టండి. లోపలి నీరు, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతాయి, 100 గ్రాములు పెడితే 63 గ్రాములు మిగులుతుంది. మెరిసే పొడి మసకబారి మొద్దుగా అవుతుంది. అల్యూమినియం పళ్లెం మాత్రం వాడకండి. వాషింగ్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, బకెట్లయినా గిన్నెలయినా సరే.

మార్చకుండా వంటసోడాగానే వాడితే? వాసన తగ్గుతుంది. చెమట వాసనలో ఎక్కువ భాగం ఆమ్లాలదే, వాటిని అణుస్తుంది. జిడ్డు దగ్గర మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇక వెనిగర్. దీని గురించి మాట్లాడకుండా వెళ్తే మీరు నన్ను వదలరు. వెనిగర్, వంటసోడా కలిపి వేస్తే బట్టలు మెరుస్తాయని వినని వారున్నారా? లేరు. చూద్దాం. ఈ ఎర్రబడ్డ కాగితం ఉన్న వాషింగ్ సోడా గ్లాసులో వెనిగర్ పోస్తున్నాను. బుసబుసమని పొంగింది. ఎంత బాగుందో! ఏదో శుభ్రమైపోతున్నట్టే ఉంది. ఇంకాస్త పోస్తున్నాను... పొంగు ఆగింది. కాగితం చూడండి. మళ్లీ పసుపుపచ్చ. క్షారం ఏమైంది? పోయింది. వెనిగర్లోని ఆమ్లం ఏమైంది? అదీ పోయింది. పోయిన రెండింటి బదులు గ్లాసులో ఉన్నది సోడియం అసిటేట్ అనే ఒక లవణం కలిసిన నీళ్లు. పొంగినది కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలిసిపోయింది. ఇద్దరు పనివాళ్లను పిలిచి, ఒకరితో ఒకరికి తగువు పెట్టి, ఇద్దరినీ ఇంటికి పంపేశాం. పని మాత్రం అలాగే ఉంది.

ఇంకో గ్లాసు. ఇందులో సబ్బునీళ్లు, బాగా నురగ ఉంది. వెనిగర్ పోస్తున్నాను. నురగ కూలిపోయింది, నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, పైన తరకలు తేలుతున్నాయి. ఆ తరకలు ఏమిటి? కొవ్వు ఆమ్లాలు. వెనిగర్ సబ్బును విరిచి మళ్లీ కొవ్వు ఆమ్లాలుగా చేసింది. దీన్ని బట్టలున్న బకెట్లో చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. వెనిగర్ పనికిరాదనడం లేదు. సబ్బంతా పూర్తిగా జాడించాక ఆఖరి నీళ్లలో కొంచెం వేస్తే మిగిలిన క్షారాన్ని అణుస్తుంది, బట్ట కాస్త మెత్తబడుతుంది. తుప్పు మరకకు నిమ్మరసంలాంటి ఆమ్లమే మందు. కానీ ఉతకడం దాని పని కాదు. మెషిన్లో మాటిమాటికీ పోయకండి, రబ్బరు భాగాలకు మంచిది కాదు.

ఈ ఒక్కమాట గట్టిగా చెబుతాను. వెనిగరును గానీ మరే ఆమ్లాన్ని గానీ క్లోరిన్ బ్లీచితో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియాతో బ్లీచి కలిపినా విషవాయువులే. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ప్రాణాల మీదకు వస్తుంది. రెండు మంచివి కలిపితే ఇంకా మంచిదవుతుందనే లెక్క రసాయనాల దగ్గర పనిచేయదు.

మరి తల, తోక ఉన్నవి ఇంట్లో ఏమున్నాయి? గిన్నెలు కడిగే ద్రవం, షాంపూ. అచ్చమైన ప్రత్యామ్నాయాలు ఇవే. లోపలి అణువులు బట్టల డిటర్జెంటులోని వాటికి దగ్గర బంధువులు. చేత్తో ఉతికేటట్లయితే ఒక బకెట్ నీళ్లకు ఒక చిన్న చెంచా చాలు. మళ్లీ చెబుతున్నాను, చిన్న చెంచా. నూనె మరక మీదయితే ఒక చుక్క నేరుగా వేసి, వేలితో రుద్ది, పది నిమిషాలు వదిలేయండి. గిన్నెల జిడ్డుకు చేసినది చొక్కా జిడ్డుకు పనిచేయదా?

మెషిన్లో మాత్రం జాగ్రత్త. ఈ ద్రవాలను నురగ రావాలనే తయారుచేస్తారు, మెషిన్ డిటర్జెంటును నురగ రాకూడదని తయారుచేస్తారు. మా బంధువుల ఇంట్లో ఒకసారి సోపు అరలో గిన్నెల ద్రవం సగం కప్పు పోసి మూత పెట్టారు. నేను అక్కడే ఉన్నాను, ఆపలేదు, అది నా తప్పే. పావుగంటలో అరలోంచి తెల్లటి నాలుకలాగా నురగ బయటికొచ్చింది. తరువాత తలుపు సందుల్లోంచి. మెషిన్ ఆగిపోయి ఏదో అంకె చూపిస్తూ కూర్చుంది. మేం నురగను చేటతో ఎత్తి పోశాం. ఆ నురగ మెత్తటి దిండులా ఉండి బట్టలు ఒకదానికొకటి రాసుకోనివ్వదు, అంటే సిన్నర్ చెప్పిన రాపిడి ముక్క పోయినట్టే. నురగ ఎక్కువైతే శుభ్రం తగ్గుతుంది! తప్పనిసరై మెషిన్లో వేస్తే నాలుగైదు చుక్కలకు మించవద్దు. గిన్నెలు కడిగే యంత్రంలో వేసే పొడి ఉంటుందే, అది వేరే. అది ఘాటైన క్షారం, చాలావాటిలో బ్లీచింగ్ పదార్థమూ ఉంటుంది. బట్టల రంగు లాగేస్తుంది.

కుంకుడుకాయల గురించి ఎవరో చీటీ పంపారు. వాటికి తల, తోక ఉన్నాయి, సందేహం లేదు. సాపోనిన్లనే పదార్థాలు, గింజలో కాదు, పైతొక్కలో ఉంటాయి. గింజ తీసేసి తొక్కలు వేడినీళ్లలో నానబెట్టి పిసికి వడకట్టాలి. సబ్బులాగా కఠిన జలంలో తెట్టు కట్టవు, అది వాటి గొప్ప. మెత్తని బట్టలకు, ఉన్నికి బాగుంటాయి. తక్కువేమిటంటే బలం చాలదు, చల్లనీళ్లలో మరీ చాలదు. గుడ్డసంచిలో నాలుగు కాయలు వేసి మెషిన్లో తిప్పితే చాలనుకోకండి, ఆ కాసేపట్లో నీళ్లలోకి దిగేది కొంచెమే. రసం రెండురోజుల్లో పులిసిపోతుంది, ఏ పూటకాపూట చేసుకోవాలి. కళ్లలో పడితే ఎలా మండుతుందో మీకు నేను చెప్పక్కరలేదు. చేపలకు ఆ రసం విషం, చెరువులో పారబోయకండి.

వెలిగారం సంగతి త్వరగా చెప్పేస్తాను. క్షారమే, బలంలో వంటసోడాకు కాస్త పైన, వాషింగ్ సోడాకు చాలా కింద. మింగితే ప్రమాదం. సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల జాబితాలో ఐరోపా దేశాలు దీన్ని చేర్చాయి. పిల్లలున్న ఇంట్లో దీనికోసం వెతుక్కుంటూ తిరగాల్సినంత లాభం ఇందులో నాకు కనబడలేదు. ఉప్పు? రంగు నిలుపుతుందంటారు, ఇప్పటి అద్దకాలకు దానితో పని లేదు, మురికినైతే అసలు తీయదు. టూత్‌పేస్టు? అరగదీస్తుంది, బట్టను కూడా.

ఆక్సిజన్ బ్లీచి పొడి, అంటే సోడియం పర్‌కార్బనేట్, దొరికితే మంచిది. పేరు పెద్దదే కానీ లోపల మనకు తెలిసిన ఇద్దరే ఉన్నారు, వాషింగ్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్. నీళ్లు కనీసం 40 డిగ్రీలుంటే చురుగ్గా పనిచేస్తుంది. తెల్లబట్టలకు, నూలుబట్టలకు వేయండి.

వేయకూడనివి? పట్టు, ఉన్ని. అక్క ఒకరు ఇందాకటి నుంచి పట్టుచీర అని సైగ చేస్తున్నారు. పట్టు, ఉన్ని రెండూ మాంసకృత్తులే, మన వెంట్రుకలాంటివే. వాటి మీద వాషింగ్ సోడా పోస్తే పోగు దెబ్బతింటుంది. అందుకని ఉన్నికి షాంపూ. ఆలోచించండి, వెంట్రుకలకు పనికొచ్చేది ఉన్నికి పనికిరాదా? పట్టుకు కూడా చల్లనీళ్లలో రెండు చుక్కల షాంపూ, నానబెట్టకుండా వెంటనే జాడించడం. జరీ ఉన్నా, రంగు వదులుతున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు.

కొన్ని పనులు ఏ ప్రత్యామ్నాయమూ చేయదు, అది కూడా చెప్పాలి. ఇప్పటి డిటర్జెంట్లలో ఎంజైములుంటాయి. 1913లోనే ఒట్టో రోమ్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో బట్టలు ఉతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రక్తం, గుడ్డు, పాల మరకల్లోని మాంసకృత్తులను అవి ముక్కలు చేస్తాయి. అవి లేనప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక్కటే, తొందర. మరక తడిగా ఉండగానే చల్లనీళ్లలో వేయండి. వేడినీళ్లు తగిలితే ఉడికిన గుడ్డులా గట్టిపడి గుడ్డను పట్టుకుంటుంది. ఈ ఒక్కచోట సిన్నర్ వృత్తంలో వేడి మనకు శత్రువు.

ఇంకొకటి. నాలుగు వారాలు సోడాతో ఉతికాక తెల్లచొక్కా పచ్చబడింది, మురికి పోవడం లేదు అంటారు. అది మురికే కానక్కరలేదు. డిటర్జెంట్లలో ఒక మెరుపు పదార్థం కలుపుతారు. అది గుడ్డకు అంటుకుని, కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలికాంతిగా వదులుతుంది, దాంతో తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. అది శుభ్రం కాదు, అలంకారం. డిటర్జెంట్ ఆపితే ఆ అలంకారం మెల్లగా చెరిగిపోతుంది, నూలు తన అసలు రంగు చూపిస్తుంది. మన కళ్లు ఏనాడో ఆ నీలితెలుపుకు అలవాటుపడిపోయాయి.

ఇంటికి వెళ్లగానే డబ్బా ఖాళీగా కనబడితే ఏం చేయాలి అని అక్కడ తమ్ముడు అడుగుతున్నాడు. పట్టు, ఉన్ని పక్కన పెట్టు. మరకలున్నవి విడిగా తియ్యి, నూనె మరకైతే గిన్నెల ద్రవం ఒక చుక్క, కాలర్లకు సబ్బు ముక్క. వాషింగ్ సోడా ఉంటే బకెట్ వేడినీళ్లకు రెండు చెంచాలు, లేకపోతే ఆ గిన్నెల ద్రవమే చిన్న చెంచా. ఒక గంట నానబెట్టి బాగా పిసుకు. జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు. రేపు డిటర్జెంట్ కొనుక్కో. నేనేమీ డిటర్జెంటుకు శత్రువును కాను.

తువ్వాలు! గుర్తు చేయలేదు మీరు. నేనే గుర్తు చేసుకున్నాను. ఇటు రండి, ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి చూడండి. నీళ్ల రంగు చెప్పండి. బూడిదరంగు. ఇంకా? పైన సన్నగా తెట్టు తేలుతోంది. ఇదే ఇందాక మీరు శుభ్రంగా ఉందని ఒప్పుకున్న తువ్వాలు, వాసన కూడా బాగుందన్నారు. నా ఇంటి పొడితో నెలల తరబడి ఉతికినప్పుడు పేరుకున్న సబ్బు, దాని కింద చిక్కిన మురికి, అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కసారికే అంతా రాదు, ఇంటికి వెళ్లి ఇంకో రెండుసార్లు వేడినీళ్లు పోయాలి. బకెట్ ఇక్కడే ఉంచుతాను, టీ తాగి వచ్చి చూసి వెళ్లండి. పసుపు కాగితాలు కూడా కొన్ని మిగిలాయి, కావలసినవారు తీసుకెళ్లి మీ ఇంట్లోని పొడులన్నీ ముంచి చూసుకోండి.